కొమ్మలు పాతే చెయ్యి

చెరువు మలుపుకి ఆ ఊళ్ళో మంచి పేరు లేదు. పగలు చూస్తే భయపడాల్సిందేమీ కనిపించదు. పాత పడవల పాక ఒకటి, దాని వెనక గుంపుగా పైన్ చెట్లు, ముందు గడ్డకట్టిన నీళ్ళు. కానీ సాయంత్రం ఏడు కొట్టి ఒడ్డున దీపాలు ఆరిపోయాక, అటుకేసి ఒక్క అడుగు వేసే మొనగాణ్ణి చూపించమంటే ఊరు ఊరంతా తల దించుకుంటుంది.

చలికాలం వచ్చిందంటే కొండ మీది ఆ చిన్న ఊరికి కింద నుంచి బస్సుల నిండా జనం వస్తారు. పిల్లలు జారుడు బల్లలెక్కి మంచు వాలు మీద కేకలేస్తూ దిగుతారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు రోప్‌వే ఎక్కి, కిందకి చూసే ధైర్యం లేక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాస్త గుండె ఉన్నవాళ్ళు అడుగున ఇనప కత్తి బిగించిన బూట్లు తొడుక్కుని చెరువు మీదకి దిగి, నాలుగడుగులు జారి, అయిదో అడుగుకి కూలబడతారు. పొద్దుగూకేసరికి అందరూ హోటలు హాల్లో పొయ్యి చుట్టూ చేరి, ఇక్కడేదో దెయ్యం ఉందటగా అని అడుగుతారు.

అడగడమే ఆలస్యం, హోటలు వంటాయన గరిటె పక్కన పెట్టి వచ్చి కూర్చుంటాడు.

"రాత్రి... దీపాలు పోయాక... చెవి పెట్టి వినండి," అంటాడు. "కర్ర్... కర్ర్... ఎవరో బూట్లేసుకుని జారుతున్న చప్పుడు. మనిషి కనపడడు. తెల్లారి వెళ్ళి చూస్తే మలుపు దగ్గర మంచులో పన్నెండు కొమ్మలు పాతి ఉంటాయి. అప్పుడే విరిచిన పచ్చి కొమ్మలు. ఎవరు పాతారు?"

అక్కడ ఆగి అందరి మొహాలూ చూస్తాడు. తర్వాత గొంతు తగ్గించి, చచ్చిపోయిన మంచు మేస్త్రి అంటాడు. ఆ రాత్రి పిల్లలెవరూ ఒంటరిగా బాత్రూముకి వెళ్ళరు.

వంటాయన చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే సగమే. మిగతా సగం పూర్తిగా తెలిసింది ఒక్క మనిషికే. ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ ఆ మేస్త్రి పెళ్ళాం. ఊళ్ళో అందరూ బూట్లక్క అంటారు.

చెరువు గట్టున చెక్క గది ఆవిడది. మూడు గోడలకీ అరలు, అరల నిండా జారుడు బూట్లు, మధ్యలో బెంచీ, మూల కత్తులకి సాన పట్టే చక్రం. వచ్చినవాళ్ళ పాదం చూసి కొలత చెప్పేస్తుంది. ముడి వదులుగా వేసుకున్నవాణ్ణి వెనక్కి పిలిచి, కాలు విరిగితే నన్ను తిడతావు అని తనే వంగి బిగించి కడుతుంది. పన్నెండేళ్ళలో కొన్ని వేల పాదాలకి బూట్లు తొడిగింది కానీ తను ఒక్కసారీ తొడుక్కోలేదు. ఊరందరికీ వడ్డించి తను పస్తున్నట్టు.

మేస్త్రి పని చెరువు మీద. మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు. గడ్డకట్టిన చెరువు మీద రోజూ అక్కడక్కడా బర్మాతో కన్నం వేసి, గడ్డ ఎంత మందం ఉందో వేళ్ళతో కొలిచేవాడు. నాలుగు వేళ్ళుంటే మనిషిని మోస్తుంది. తగ్గితే అక్కడ చుట్టూ పైన్ కొమ్మలు పాతేవాడు. కొమ్మ దాటి వెళ్ళకూడదని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అన్నిటికన్నా చెడ్డది మలుపు. అక్కడ నీళ్ళ అడుగున ఊట ఉంది. మిగతా చెరువంతా రాయిలా ఉన్న రోజున కూడా ఊట మీద గడ్డ అప్పడంలా ఉంటుంది, పైగా రోజుకో చోటికి జరుగుతుంది. అందుకే అక్కడి కొమ్మలు ఆఖరున, సాయంత్రం పాతేవాడు. లెక్కగా పన్నెండు.

ఏడు దాకా దీపాలు ఉండాలన్నది ఆయన పెట్టిన నియమమే. జనం ఉన్నా లేకపోయినా సరే. ఒడ్డున ఆరు స్తంభాల మీద ఆరు దీపాలు, వాటి స్విచ్చి బూట్లక్క గదిలో. మలుపు దాకా వచ్చేది మసక వెలుతురే అయినా, తడి గడ్డకీ పొడి గడ్డకీ తేడా తెలియడానికి అది చాలు. పని అయ్యాక గట్టు వెంబడి చుట్టూ తిరిగి ఇంటికొచ్చేవాడు. చెరువు మీదుగా అడ్డంగా వస్తే సగం దూరం కలిసొస్తుంది. కానీ పాతికేళ్ళ పనిలో ఒక్కనాడూ అలా రాలేదు.

మూడు చలికాలాల కిందట, ఒక సాయంత్రం, ఆరింటికల్లా వస్తానన్నాడు. జనం వెళ్ళిపోయాక, దీపాలుండగానే, ఆవిడకి బూట్లు తొడిగి చెరువు చుట్టూ ఒక్క రౌండు తిప్పుతానన్నాడు. పెళ్ళయిన కొత్తలో ఇచ్చిన మాట అది. ఏటికేడూ వాయిదా పడి, పాచిపోయి, ఇద్దరూ నవ్వుకునే మాటయింది. ఆ రోజు ఎందుకో నవ్వకుండా అన్నాడు.

ఆ రోజు చలి కొరికేస్తోంది. అయిదున్నరకే జనం ఖాళీ అయిపోయారు. ఆవిడ తన కొలత బూట్లు తీసి, కత్తులకి సాన పట్టి, తొడుక్కుని, ముడి వేసుకుని బెంచీ మీద కూర్చుంది. ఆరయింది. ఆరుంబావు. ఒక్కతే, కాళ్ళకి ఆ బూట్లతో, పెళ్ళిచూపులకి ముస్తాబైన పిల్లలా... ఆరున్నర. సిగ్గేసింది. ఆ తర్వాత సిగ్గు కోపమయింది. ఏడుకి ఇంకా ఇరవై నిమిషాలుందనగా ముళ్ళు విప్పి, బూట్లు అరలోకి విసిరి, స్విచ్చి కట్టేసింది. చీకట్లో చచ్చినట్టు వస్తాడు అనుకుంది. అనుకోవడం కూడా కాదు, పైకే అంది.

మర్నాడు పొద్దున్న తీశారు మేస్త్రిని. మలుపు దగ్గర ఏడు కొమ్మలు పాతి ఉన్నాయి. అయిదు కట్టలోనే ఉన్నాయి.

కాలు జారి ఉంటుంది, ఊట జరిగి ఉంటుంది, ఆయుష్షు తీరింది అన్నారు. దీపాల సంగతి ఎవరూ అడగలేదు. ఆ చలిలో గడియారం చూసిందెవరు? ఆవిడా చెప్పలేదు. అదే ఇంట్లో ఉండే ఆడపడుచుకి, అంటే సొంత అన్నని పోగొట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు.

ఆ రోజు నుంచీ ఆవిడ బుర్రలో ఒకటే ప్రశ్న. దీపాలు ఆర్పినప్పుడు ఆయన పైన ఉన్నాడా, అప్పటికే లోపల ఉన్నాడా? వెలుతురుండగానే పడిపోయి ఉంటే అది విధి. చీకటయ్యాక పడి ఉంటే అది తను. మధ్యలో ఇంకో దారి లేదు. అన్నం ముందు కూర్చున్నా ఇదే, పరాయి పిల్లల కాళ్ళకి ముళ్ళు వేస్తున్నా ఇదే. జవాబు తెలిసిన మనిషి ఒక్కడే, ఆయన పోయాడు.

మరుసటి చలికాలం కొమ్మలు మొదలయ్యాయి. కొత్తగా వచ్చిన మంచు కొలిచే మనిషి పిరికివాడు. గది చుట్టుపక్కల నాలుగు కన్నాలు వేసి, మలుపు వైపు చూడకుండా ఇంటికెళ్ళిపోయే రకం. నేను పాతలేదు మొర్రో అని ఒట్టు పెట్టాడు. రాత్రి చప్పుడు విన్నవాళ్ళు పెరిగారు. పోయినాయన మిగిలిన పని పూర్తి చేస్తున్నాడన్నారు. వినీ వినీ ఊరు భయపడింది.

భయపడనిది బూట్లక్క ఒక్కతే. ఆశపడింది.

ఒక్కటే అడ్డొచ్చింది ఆవిడకి. మేస్త్రి ఎప్పుడూ మేకులు కొట్టిన మామూలు బూట్లే వేసేవాడు. మరి ఆ జారే చప్పుడేమిటి? దానికీ తనే సమాధానం చెప్పుకుంది. ఆ సాయంత్రం తనని తిప్పుతానన్నాడుగా. అందుకే ఆ బూట్లతో వస్తున్నాడు. రుజువు దొరికినట్టే అనిపించి, ఆ రాత్రి దిండులో మొహం దాచుకుని ఏడ్చింది.

అయినా రెండు చలికాలాలు వెళ్ళలేకపోయింది. దెయ్యం ఉంటుందని కాదు భయం, జవాబు చెబుతుందని.

మూడో చలికాలం ఆఖర్లో కబురొచ్చింది. పైన పెద్ద హోటలువాళ్ళు జారడానికి మిషన్లతో మంచు గచ్చు పరుస్తున్నారట, వచ్చే ఏడాది నుంచి చెరువు మీద ఎవర్నీ దిగనివ్వరట, చెక్క గది తీసేస్తారట. అప్పటికే మధ్యాహ్నం ఎండకి ఒడ్డున గడ్డ చెమర్చడం మొదలైంది. మహా అయితే ఇంకో వారం. ఆ తర్వాత చెరువు కరిగిపోతుంది, అడగడానికి చోటు కూడా ఉండదు.

ఆ సాయంత్రం రోప్‌వే ఫిట్టరు వచ్చి సాన చక్రం బెల్టు మార్చి వెళ్ళాడు. ఏనుగంత మనిషి, గుమ్మంలో పక్కకి తిరిగితే గానీ పట్టడు. మేస్త్రి పోయినప్పటి నుంచీ పిలవకుండానే వస్తాడు. కప్పు మీద మంచు తోస్తాడు, చక్రానికి నూనె వేస్తాడు, కాసిని టీ నీళ్ళు ఇస్తానన్నా తాగకుండా, తల ఎత్తకుండా పోతాడు. లోకంలో ఇంకా మంచివాళ్ళున్నారని ఆడపడుచు వాణ్ణే ఉదాహరణ చూపిస్తుంది.

ఏడుకి బూట్లక్క దీపాలార్పింది. ఆ ఘోరం తర్వాత ఒక్క నిమిషం కూడా ముందు ఆర్పలేదు. ఆడపడుచు శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడింది.

"వదినా, ఇంటికి రావా?"

కాసేపుండి వస్తానంది. ఎందుకో ఆడపడుచుకి అర్థమైంది. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"వద్దొదినా. అన్నయ్యే అయినా... ఇప్పుడు మనవాడు కాదు."

"ఒక్క మాట అడగాలి," అంది బూట్లక్క. "అడిగి వచ్చేస్తాను."

ఏ మాటో ఆడపడుచు అడగలేదు. చెప్పినా వినే రకం కాదని తెలిసి, ఏడుస్తూ వెళ్ళిపోయింది.

బూట్లక్క చీకట్లో బెంచీ మీద కూర్చుంది. గోడ మీద గడియారం కొట్టుకుంటోంది. బయట గాలి లేదు. చలికి బిగుసుకుంటూ చెరువు మధ్యమధ్యలో టప్... టప్... మని పగులుతోంది. ప్రతి రాత్రీ చేసే చప్పుడే అది, ఆ ఊరివాళ్ళు నిద్రలో కూడా పట్టించుకోరు.

ఎనిమిది కావస్తుండగా —

కర్ర్...

ఆవిడ గుమ్మం వైపు చెవి పెట్టింది.

కర్ర్... కర్ర్... దూరంగా. మలుపు దగ్గర.

లేచింది. జారకుండా పాదాలకి గోనెగుడ్డ చుట్టుకుంది. టార్చి అక్కడే వదిలేసింది, వెలుతురు చూస్తే చచ్చినవాళ్ళు మాయమైపోతారంటారుగా. గడ్డ మీదకి అడుగు పెట్టింది.

నక్షత్రాల వెలుతురే. చెరువు బూడిదరంగులో పరుచుకుని ఉంది. పది అడుగులు. ఇరవై. తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది. పాదాల కింద ఎక్కడో లోతుల్లో ఒక పగులు గీతలా సాగుతూ పోయింది. ఆగింది. ఏమీ కాలేదు. మళ్ళీ నడిచింది.

పడవల పాక నల్లగా దగ్గరయింది. చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు కనిపించింది... వంగి ఉన్న ఆకారం. వీపు మీద కొమ్మల కట్ట. చెయ్యి చాచి, ఒక కొమ్మ తీసి, మంచులో గుచ్చి, చుట్టూ నీళ్ళు చిలకరించింది, గడ్డకట్టి నిలబడడానికి. ఆ చిలకరించడం ఆవిడ వెయ్యిసార్లు చూసింది. అచ్చం మేస్త్రి పనే.

మూడేళ్ళుగా ఎవర్నీ పిలవని పిలుపు గొంతులోంచి వచ్చింది.

"ఏమండీ..."

ఆకారం కొయ్యబారిపోయింది.

ఇంకో అడుగు వెయ్యలేదు ఆవిడ. దగ్గరికెళితే మాయమైపోతాడని భయం. మాటలు తడబడకుండా, మూడు చలికాలాలుగా మనసులో వల్లించుకున్నట్టే, మెల్లిగా అడిగింది.

"దీపాలు పోయినప్పుడు... ఎక్కడున్నారు?"

తర్వాత ఆ చీకట్లోంచి, వణుకుతూ, ఒక గొంతు.

"ఇక్కడే ఉన్నాడక్కా... నా పక్కనే."

అది ఆయన గొంతు కాదు.

ఆకారం మోకాళ్ళ మీద కూలబడింది. కట్టలోంచి కొమ్మలు చెల్లాచెదురయ్యాయి. రోప్‌వే ఫిట్టరు... రెండు గంటల కిందట సాన చక్రానికి బెల్టు మార్చిన మనిషి.

అంతే. దెయ్యం లేదు, ఏమీ లేదు. ఊరు విని ఉంటే కడుపు పట్టుకుని నవ్వేది. వంటాయనకి చెప్పుకోవడానికి కథ లేకుండా పోయేది. కానీ ఆవిడకి నవ్వు రాలేదు. మొగుడు రెండోసారి పోయినట్టు అక్కడే నిలబడిపోయింది.

వాడు చెప్పుకొచ్చాడు. ఆపినా ఆగేవాడు కాదు.

వాళ్ళ అమ్మాయికి చెరువు మీద జారడమంటే ప్రాణం. ఆ పిల్లతో పాటు ఒక్కసారి తిరగాలని వాడి కోరిక. ఇంత మనిషి పిల్లల ముందు దభీమని పడితే ఊరంతా నవ్వుతుందని పాత బూట్లు కొనుక్కుని, దీపాలు పోయాక ఎవరూ చూడకుండా నేర్చుకుందామని ఆ సాయంత్రమే మొదటిసారి పాక వెనక నక్కాడు. మేస్త్రి చూసేశాడు. నవ్వి, ఎవరికీ చెప్పనులే, ఈ పక్కనే నేర్చుకో, ఆ పక్క ఇంకా కొమ్మలు పాతలేదు అన్నాడు. ఏడో కొమ్మ పాతుతున్నాడు. అప్పుడు దీపాలు పోయాయి.

"అప్పుడే ఏడయిందా అన్నానక్కా. నా గడియారంలో ఇంకా ఇరవై నిమిషాలుంది." వాడు ముక్కు తుడుచుకున్నాడు. "అన్నయ్య నవ్వాడు. మా ఆవిడ దీపం ఆర్పిందంటే ఏడే, నీ గడియారం బాగు చేయించుకో అన్నాడు."

బూట్లక్క ఒడ్డున ఆరిపోయి ఉన్న దీపాలకేసి చూసింది.

"ఆరింటికి వస్తానని చెప్పానయ్యా, ఏడు చేశాను, పాపం కూర్చుని ఉంటుంది అన్నాడు. మిగతా కొమ్మలు పొద్దున్నే పాతుతానని కట్ట అక్కడ పెట్టేసి... గట్టు మీద చుట్టూ తిరిగితే ఇంకా ఆలస్యమని... అడ్డంగా వెళ్ళాడక్కా."

చెరువు ఎక్కడో టప్‌మంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఇదిగో, ఇలాంటి చప్పుడే విన్నాను. రోజూ పగిలేదేగా అనుకున్నాను. వెళ్ళి చూడలేదు. గంటసేపు ఇక్కడే పడుతూ లేస్తూ ఉన్నానక్కా... అన్నయ్య అక్కడ ఉండగా... నేను ఇక్కడ ఆడుకుంటూ..."

ఎవరితోనూ చెప్పుకోలేక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మరుసటి ఏడాది నుంచీ వాడు రోజూ ఆ పాత బూట్లే తొడుక్కుని, కొమ్మలు తెచ్చి పాతుతున్నాడు. కూతురితో ఒక్కనాడూ చెరువు మీదకి దిగలేదు. ఆ గడియారం మళ్ళీ చేతికి పెట్టుకోలేదు.

"నేనే చంపానక్కా అన్నయ్యని," అన్నాడు. "ఏ శిక్ష వేసినా సరే. ఒక్కసారి... క్షమించానని అను."

ఆవిడకి జవాబు దొరికింది. అడిగినదానికన్నా ఎక్కువే దొరికింది. ఆయన పైనే ఉన్నాడు. ప్రాణంతో, నవ్వుతూ, వేళాకోళమాడుతూ ఉన్నాడు. ఎదుటివాడి గడియారాన్ని కాదని, ఆవిణ్ణి నమ్మాడు. ఆ నమ్మకంతోనే ఆలస్యమైందనుకుని, పాతికేళ్ళలో వెయ్యని అడుగు వేశాడు.

కాళ్ళ దగ్గర అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. ఒక్క మాట చాలు. నీ గడియారం సరిగ్గానే ఉంది నాయనా, అప్పటికి ఏడు కాలేదు, నేనే కోపంతో ఆర్పాను... అంతే. వాడి మీది బరువు దిగిపోతుంది. ఇంటికెళ్ళి కూతురి చెయ్యి పట్టుకుని చెరువు మీద తిరుగుతాడు. ఇంకో వారమే ఉంది తిరగడానికి.

మాట నాలిక చివరిదాకా వచ్చింది. పెదవులు విప్పింది కూడా. ఆడపడుచు మొహం కళ్ళ ముందు కనిపించింది. ఊరు కనిపించింది. ముడి వేయించుకోవడానికి కాలు చాచే పిల్లలు కనిపించారు.

వంగి, వాడి తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తనదిలా అనిపించలేదు ఆవిడకి.

"క్షమించానులే," అంది. "ఇంటికెళ్ళు."

వాడు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. చెల్లాచెదురైన కొమ్మలన్నీ ఒక్కొక్కటే ఏరి కట్ట కట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళనన్నాడు. ఈ చెరువు కరిగేదాకా వస్తాననీ, వచ్చే ఏడాది ఎవరూ దిగకపోయినా వచ్చి పాతుతాననీ, బతికున్నన్నాళ్ళూ పాతుతాననీ చెప్పాడు. అన్నయ్యకి తను చెయ్యగలిగింది ఇదొక్కటేనన్నాడు.

ఆవిడ వద్దనలేదు.

"నీది పెద్ద మనసక్కా," అన్నాడు.

ఆ మాట కూడా పుచ్చుకుని, ఆవిడ ఒడ్డుకేసి నడిచింది.